రొమ్ములో దారి తప్పిన గాలి: పసిపిల్లలలో దానిని గుర్తించుట

సైకిలు ట్యూబునకు చిల్లి పడినప్పుడు బాగుచేయువాడు దానినిండ గాలి కొట్టి, నీళ్ళతొట్టిలో ముంచి, కొంచెము కొంచెముగా త్రిప్పుచు చూచును. బుడగలు లేచిన చోట చిల్లి యున్నదని తెలియును. మనుష్యుని ఊపిరితిత్తులకు గూడ ఒక్కొక్కప్పుడు ఇట్టి చిల్లి పడుట కలదు. కాని రెంటికిని ఒక ముఖ్యమైన భేదమున్నది. ట్యూబునుండి వెడలిన గాలి వాతావరణములో కలిసిపోవును. ఊపిరితిత్తినుండి వెడలిన గాలికి బయటికి దారి లేదు. అది రొమ్ములోపలనే, మూసిన గదివంటి చోట చేరి, ప్రక్కనున్న అవయవములను నొక్కును. అచ్చట లేచు బుడగలు కంటికి కనబడవు.

పెద్దవానికి ఇట్లు జరిగినచో నొప్పి యెచ్చట పుట్టినదో, ఊపిరి యెట్లు ఆడుట లేదో చెప్పుకొనగలడు. పసిబిడ్డ చెప్పుకొనలేడు. అప్పుడే పుట్టిన బిడ్డలకు ఎక్స్‌రే తీసిచూచినచో నూటికి ఒకరిద్దరిలో ఇట్టి గాలి స్వల్పముగా కనబడవచ్చును. వారిలో పెక్కుమందికి ఏ బాధయు లేకయే అది దానంతట అది తగ్గిపోవును. ప్రాణముమీదికి తెచ్చునవి అరుదు. అరుదగుటచేతనే గుర్తించుట కష్టము. గాలి చేరియుండగా లేదనుకొన్నచో బిడ్డ నిమిషములలో చనిపోవచ్చును. చేరకుండగా చేరినదని తలచి రొమ్ములో సూది గ్రుచ్చినచో లేని చిల్లిని వైద్యుడే చేసినట్లగును. కనుక ఈ రెండు పొరపాట్లను తప్పించుకొనుటకు ఏయే గుర్తులు తోడ్పడుచున్నవో తెలిసికొనుట అవసరము.

రొమ్ము నిర్మాణము

ఊపిరితిత్తులలో శ్వాసనాళము చెట్టుకొమ్మలవలె చీలి చీలి, తుదకు వాయుకోశములను సన్నని బుడగలతో ముగియును. పెద్దవారిలో ఇవి 30 కోట్లకు తక్కువ కాకుండ ఉండును. పుట్టిన బిడ్డలో కొన్ని కోట్లు మాత్రమే యుండి, ఎదుగుదలతోపాటు పెరుగును. ఊపిరితిత్తిని అంటుకొని ఒక పొర, రొమ్ముగోడను అంటుకొని ఒక పొర ఉన్నవి. ఈ జంటపొరకు ప్లూరా అని పేరు. రెండు పొరల నడుమ తడి తప్ప ఖాళీ లేదు. అచ్చటి పీడనము బయటి వాతావరణ పీడనముకంటె సుమారు 5 సెంటీమీటర్ల నీటిమట్టమంత తక్కువ. ఊపిరితిత్తి తన సాగుడుగుణముచేత ముడుచుకొనవలెనని లోనికి లాగుచుండును. రొమ్ముగోడ బయటికి లాగుచుండును. ఈ లాగుడుల మధ్య ఊపిరితిత్తి విచ్చుకొని నిలుచును. పొరల నడుమకు గాలి చొరబడినచో ఈ పట్టు విడిపోయి, ఊపిరితిత్తి ముడుచుకొనిపోవును. ఈ స్థితినే న్యూమోథొరాక్స్ అందురు. 1803లో ఫ్రాన్సు దేశమందు ఇటార్ అను వైద్యుడు ఈ పేరు పెట్టెను. 1816లో స్టెతస్కోపును కనిపెట్టిన లెనెక్, 1819లో ప్రకటించిన తన గ్రంథమునందు దీని లక్షణములను వివరించెను.

పసిబిడ్డలో అన్నియు చిన్న కొలతలే. మూడు కిలోల బిడ్డ ఒక్కొక్క శ్వాసకు లోనికి తీసికొను గాలి 15 మొదలు 20 మిల్లీలీటర్లు. అనగా మూడు నాలుగు చిన్న చెంచాలు పట్టునంత మాత్రమే. అట్టి రొమ్ములో రెండు మూడు చెంచాల గాలి దారి తప్పి చేరినను అది స్వల్పము కాదు.

గాలి తప్పించుకొను త్రోవ

వాయుకోశము పగిలిన వెంటనే గాలి నేరుగా ప్లూరా పొరల నడుమకు పోవునని చాలకాలము తలచుచుండిరి. కెనడాలోని పశ్చిమ ఒంటారియో విశ్వవిద్యాలయమునందు పనిచేసిన చార్లెస్ మాక్లిన్ ఈ సంగతిని ప్రయోగములతో పరిశీలించెను. పిల్లుల ఊపిరితిత్తులలోనికి గాలిని అధికముగా ఊది, అది పోయిన త్రోవను వెదకెను. 1939లో ఆయన తెలిపిన ఫలితము ఇది: పగిలిన వాయుకోశమునుండి గాలి ముందుగా దాని ప్రక్కనున్న రక్తనాళపు తొడుగులోనికి దూరును. తొడుగువెంట ప్రాకుచు, ఏటికి ఎదురు నడిచినట్లు కొమ్మలనుండి మొదటికి, అనగా ఊపిరితిత్తి మూలమునకు చేరును. అచ్చటినుండి రెండు ఊపిరితిత్తుల నడుమ గుండె, అన్నవాహిక మొదలగునవి యున్న చోటికి వచ్చును. ఈ నడిమి చోటికి మీడియాస్టైనమ్ అని పేరు.

ఈ నడిమి చోటు పలుదారులు కలియు కూడలివంటిది. అచ్చటినుండి గాలి పైకి పోయి మెడచర్మము క్రింద చేరవచ్చును. ప్రక్కకు చీలి ప్లూరా నడుమకు పోవచ్చును. క్రిందికి దిగి పొట్టలోనికి పోవచ్చును. అరుదుగా గుండెను కప్పియున్న హృదయావరణములోనికి గూడ ప్రవేశింపవచ్చును. రక్తనాళపు తొడుగులలోనే నిలిచిపోవుటయు కలదు. పేర్లు వేరైనను ఇవి యన్నియు ఒకే ప్రయాణములోని మజిలీలు. కావున ఒకచోట గాలి కనబడినప్పుడు రెండవచోట గూడ వెదకవలెనని వైద్యులు నేర్చుకొందురు.

ఎవరికి కలుగును?

పుట్టిన బిడ్డ మొదటి శ్వాసలకు పెద్ద ప్రయత్నము చేయవలసియుండును. ద్రవముతో నిండియున్న ఊపిరితిత్తులను విచ్చుటకు, తరువాతి సామాన్యశ్వాసకు కావలసినదానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ పీడనము కావలసివచ్చును. కొన్ని కోశములు విచ్చుకొని కొన్ని విచ్చుకొననిచో, విచ్చుకొన్నవానిమీదనే భారమంతయు పడి అవి పగులవచ్చును.

నెలలు నిండకముందు పుట్టిన బిడ్డలలో సర్ఫాక్టెంటు అను పదార్థము చాలినంత యుండదు. వాయుకోశముల లోపలి తడి సబ్బునీటివలె సులభముగా సాగునట్లు చేయునది ఈ పదార్థమే. దాని లోపమువలననే ఇట్టి బిడ్డల ఊపిరితిత్తులు బిరుసెక్కునని 1959లో అమెరికాలో మేరీ ఎల్లెన్ ఏవరీ, జియర్ మీడ్ చూపిరి. 1980లో జపానుదేశపు వైద్యుడు ఫుజివారా బయటినుండి సర్ఫాక్టెంటును శ్వాసనాళములోనికి ఎక్కించి బిడ్డలకు మేలు కలుగుట చూపెను. ఈ చికిత్స వ్యాపించిన పిదప నెలలు నిండని బిడ్డలలో గాలి కారుట చాల తగ్గినది. అయినను యంత్రముచేత శ్వాస ఇయ్యవలసివచ్చిన బిడ్డలకు ఈ భయము నేటికిని కలదు.

కొందరు బిడ్డలు గర్భములోనే మలవిసర్జన చేసి దానిని పీల్చుదురు. ఆ ముద్ద సన్నని నాళికలలో తలుపువలె అడ్డుపడును. శ్వాస తీసినప్పుడు నాళిక వెడల్పై గాలి లోనికి పోవును. విడిచినప్పుడు ఇరుకై గాలి బయటికి రాదు. లోపల చిక్కిన గాలి పెరిగి పెరిగి కోశములను పగులగొట్టును. ఒకటి రెండేండ్లు దాటిన పిల్లలలో ఉబ్బసము, కోరింతదగ్గు, విడువని వాంతులు, కొన్ని న్యుమోనియాలు, శ్వాసనాళములో గింజ ఇరుకుట ఇట్టి ఫలితమునే కలిగించును.

ఒక్కొక్క చోటికి ఒక్కొక్క గుర్తు

ప్లూరా నడుమ గాలి చేరినప్పుడు మార్పు అకస్మాత్తుగా వచ్చును. అంతవరకు నెమ్మదిగా నున్న బిడ్డ గబగబ ఊపిరి తీయును. ముక్కుపుటములు అదరును. డొక్కలెగురును. ఊపిరి విడిచినపుడెల్ల మూలుగు వినబడును. రొమ్ములో ఒక ప్రక్క ఉబ్బి, కదలిక తగ్గును. ఆ ప్రక్క శ్వాసధ్వని తగ్గవచ్చును. కాని పసిబిడ్డ రొమ్ము చిన్నదగుటచేత ఆవలిప్రక్క ధ్వని ఈవలికి వినబడి వైద్యుని మోసగించుటయు కలదు. అందుచేత గుండెచప్పుడు తన చోటినుండి ప్రక్కకు జరిగినదా యని గూడ వినవలెను.

చిల్లి ఒకవైపే తెరచుకొను తలుపువలె నున్నచో అపాయము ఎక్కువ. నిమిషమునకు 40 మొదలు 60 మారులు ఊపిరి తీయు బిడ్డకు ప్రతి శ్వాసతోను కొంత గాలి లోపల చేరుచుండును. పీడనము పెరిగి గుండెను ఆవలికి నెట్టును. గుండెకు రక్తము తెచ్చు పెద్దసిరలు నొక్కుకొనిపోవును. గుండెకు రక్తమే అందనిచో అది దేనిని పంపగలదు? బిడ్డ నీలివర్ణమై, నాడి బలహీనమై, రక్తపుపోటు పడిపోవును. ఉదరవితానము క్రిందికి దిగుటచే పొట్ట ఉబ్బినట్లు కనబడును.

నడిమి చోట మాత్రమే గాలి యున్నచో బాధ తరచుగా తక్కువ. గుండెచప్పుడు దూరమునుండి వచ్చినట్లు మెల్లగా వినబడును. పెద్దపిల్లలు రొమ్ముటెముక వెనుక నొప్పి యనియు, మ్రింగుట కష్టమనియు చెప్పుదురు. గొంతు మారవచ్చును. మెడ ఉబ్బి, వ్రేళ్ళతో నొక్కినచో చర్మము క్రింద మరమరాలు నలిగినట్లు చిటచిటలాడును. గుండె కొట్టుకొనుటతోపాటు కరకర చప్పుడు వినబడుటను 1939లో అమెరికా వైద్యుడు లూయీ హామన్ విశేషముగా వర్ణించెను. ఆ గుర్తుకు ఆయన పేరే నిలిచినది.

రక్తనాళపు తొడుగులలో గాలి నిలిచిపోవుట సామాన్యముగా యంత్రముపై నున్న, నెలలు నిండని బిడ్డలలోనే కనబడును. ఎక్స్‌రేలో సన్నని నల్లని చారలు, చుక్కలు చల్లినట్లుండును. ఇది రాబోవు న్యూమోథొరాక్సునకు హెచ్చరిక కావచ్చును.

అన్నిటికంటె అరుదైనదియు, మిక్కిలి అపాయకరమైనదియు హృదయావరణములో గాలి చేరుట. గుండెచప్పుడు ఉన్నట్లుండి మరుగుపడి, నాడి అందకపోవును. ఎక్స్‌రేలో గుండెచుట్టు, దాని అడుగుప్రక్కన గూడ, నల్లని వలయము కనబడును.

వెలుతురు, నీడ, ధ్వనితరంగము

1895లో రాంట్‌జెన్ కనుగొనిన ఎక్స్‌కిరణములే ఈ పరీక్షలో ముఖ్యమైనవి. గాలి నల్లగాను, ఎముక తెల్లగాను, ఊపిరితిత్తి నడుమగాను పడును. న్యూమోథొరాక్సులో ముడుచుకొనిన ఊపిరితిత్తి అంచు ఒక గీతగా కనబడి, దానికి వెలుపల రక్తనాళముల నీడలేవియు లేక నలుపు మాత్రమే యుండును. కాని బిడ్డ వెల్లకిల పండుకొనియుండగా తీసిన ఎక్స్‌రేలో గాలి ముందువైపునకు లేచి, ఆ గీత కనబడకపోవచ్చును. అప్పుడు ప్రక్కకు ఒత్తిగిలబెట్టి తీసిన ఎక్స్‌రే ఉపకరించును. నడిమి చోట గాలి చేరినచో, పసిబిడ్డలలో పెద్దదిగా నుండు థైమస్ గ్రంథి పైకెత్తబడి, గాలికి ఉబ్బిన తెరచాపవలె కనబడును.

ఎక్స్‌రే వచ్చువరకు ఆగుటకు వీలులేనప్పుడు చీకటిగదిలో వేడిలేని బలమైన దీపమును బిడ్డ రొమ్మునకు ఆనించి చూతురు. గాలి చేరిన ప్రక్క కాగితపు లాంతరువలె విశాలముగా వెలుగును. 1975లో ఈ పద్ధతిగూర్చి ఫలితములు ప్రకటింపబడినవి. పలుచని రొమ్ముగల చిన్నబిడ్డలలో ఇది బాగుగా పనిచేయును. రొమ్ము దళసరియైనను, చర్మము వాచియున్నను నమ్మరాదు.

ఇటీవలి సాధనము అల్ట్రాసౌండు. శ్వాసతోపాటు ప్లూరా పొరలు ఒకదానిపై నొకటి జారుట అందులో కనబడును. పరీక్షించుచోట ఆ జారుట కనబడినచో అచ్చట పొరల నడుమ గాలి లేదని చెప్పవచ్చునని 1995లో ఫ్రెంచి వైద్యుడు లిక్టెన్‌స్టైన్ తెలిపెను. దీనికి కిరణముల భయము లేదు. పరికరమును బిడ్డ ప్రక్కకే తేవచ్చును.

గాలి కారినట్లు భ్రమింపజేయునవి

నలుపంతయు కారిన గాలి కాదు. ఈ సంగతి మరచుటచేతనే పెద్ద పొరపాట్లు జరుగుచున్నవి.

మొదటిది చర్మపు మడత. బిడ్డ వీపుచర్మము పలక క్రింద ముడుతపడినచో ఊపిరితిత్తి అంచువంటి గీత పడును. ఆ గీత రొమ్ము హద్దు దాటి పొట్టవరకో భుజమువరకో సాగియున్నచో అది మడతయే.

రెండవది పుట్టుకతోనే ఒక తమ్మె అతిగా ఉబ్బుట. ఇది ఎడమ ఊపిరితిత్తి పైతమ్మెలో ఎక్కువగా కనబడును. ఉబ్బిన తమ్మె గుండెను ఆవలికి నెట్టును గాన, చూచుటకు అచ్చముగా న్యూమోథొరాక్సువలె నుండును. అయితే ఆ నలుపులో పరికించి చూచినచో సన్నని రక్తనాళముల నీడలు కనబడును. చరిత్ర అడిగినచో ఆయాసము ఒక్కమారుగా గాక దినములు, వారములు తరబడి పెరిగినదని తెలియును. ఇచ్చట గొట్టము గ్రుచ్చినచో ఊపిరితిత్తియే చీలును. దీనికి వలసినది శస్త్రచికిత్స నిపుణుని సలహా.

మూడవది ఉదరవితానములో రంధ్రముండి పేగులు రొమ్ములోనికి జొచ్చుకొనివచ్చుట. పేగులలోని గాలి ఎక్స్‌రేలో నల్లగా కనబడును. ఇట్టి బిడ్డ పొట్ట ఉబ్బియుండక లోనికి పోయినట్లుండును. కడుపులోనికి సన్నని గొట్టము వేసి ఎక్స్‌రే తీసినచో కడుపు రొమ్ములో నున్న యెడల గొట్టపు కొన రొమ్ములోనే కనబడును. ఇచ్చట సూది గ్రుచ్చుట పేగును గ్రుచ్చుటయే.

నాలుగవది కొన్ని న్యుమోనియాలలో, ముఖ్యముగా స్టెఫిలోకాకస్ క్రిములవలన కలుగువానిలో, ఊపిరితిత్తిలోనే ఏర్పడు గాలితిత్తులు. వీనిలో పెక్కు జబ్బు తగ్గిన పిదప కొన్ని వారములలోనో నెలలలోనో మాసిపోవును. అయితే ఇవి పగిలి నిజమైన న్యూమోథొరాక్సును కలిగించుటయు ఉన్నది.

చిన్న గింజ, పెద్ద చిక్కు

భోజనమధ్యమున పిల్లవానికి పొలమారినచో ఎవరో తలచుకొనుచున్నారని తల తట్టుట ఇండ్లలో పరిపాటి. పొలమారుట ఆగిన తరువాత అందరును దానిని మరతురు. కాని వేరుసెనగ పప్పో, సీతాఫలపు గింజయో, చింతగింజయో శ్వాసనాళ శాఖలో నిలిచిపోయినచో దగ్గు కొంతసేపటికి ఆగి, గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు బిడ్డ బాగున్నట్లే యుండును. కుడిశాఖ నిలువుగాను వెడల్పుగాను ఉండుటచే గింజ అటు పోవుట ఎక్కువ. గింజ పైన చెప్పిన తలుపువలె పనిచేసి ఆ ప్రక్క గాలిని బంధించును. ఊపిరి తీసినప్పుడు తీసిన ఎక్స్‌రే మామూలుగా నుండి, విడిచినప్పుడు తీసినది ఆ ప్రక్క నల్లగా ఉబ్బియుండుట దీని జాడ. కాలము గడచినచో గాలి కారి మెడ ఉబ్బవచ్చును. గింజను బ్రాంకోస్కోపు అను గొట్టముతో తీయవలెనే గాని ఉబ్బసపు మందులు దీనిని కుదుర్పజాలవు. 'పొలమారినదా?' అను ఒక్క ప్రశ్నకు తల్లి చెప్పు జవాబు ఇచ్చట ఎక్స్‌రేకంటె విలువైనది.

చికిత్స, జాగ్రత్తలు

కొంచెము గాలి చేరి, బిడ్డ నెమ్మదిగా నున్నచో కనిపెట్టి చూచుట చాలును. ఒత్తిడి పెరిగి బిడ్డ క్రుంగిపోవుచున్నచో వైద్యుడు సూదితో గాలిని తీసి, తరువాత సన్నని గొట్టము అమర్చి, దాని రెండవ కొనను సీసాలోని నీటిలో ముంచును. లోని గాలి బుడగలుగా వెలికి వచ్చును. నీరు అడ్డముండుటచే బయటి గాలి లోనికి పోజాలదు. సైకిలు ట్యూబును ముంచిన తొట్టిలోవలెనే చిల్లి యింకను కారుచున్నదో లేదో ఈ బుడగలు తెలుపును. గొట్టము మూసికొనిపోలేదని నిశ్చయించుకొనిన పిదప, బుడగలు ఆగుట చిల్లి పూడినదనుటకు గుర్తు.

ఈ సందర్భములో పాఠశాలలో నేర్చు బాయిల్ సూత్రమునకు ఒక ఉపయోగమున్నది. ఉష్ణోగ్రత మారనిచో పీడనము తగ్గినకొలది వాయువు ఘనపరిమాణము పెరుగును. విమానములో పీడనము నేలమీది పీడనములో నాలుగింట మూడువంతులకు దిగినదనుకొన్నచో రొమ్ములో చిక్కిన 90 మిల్లీలీటర్ల గాలి 120 మిల్లీలీటర్లగును. అందుచేతనే చేరిన గాలిని తీయక రోగిని విమానములో తీసికొనిపోరాదు.

ఇంటిలోను బడిలోను చేయవలసినది కొంచెమే. నాలుగైదేండ్లలోపు పిల్లలకు వేరుసెనగ వంటి గట్టి గింజలు పెట్టరాదు. నోటిలో తిండి యుండగా పరుగెత్తనీయరాదు, నవ్వింపరాదు. గొంతులో నున్నది కంటికి కనబడక వ్రేలు పెట్టి కెలుకరాదు. అది ఇంకను లోనికి పోవును. ఉబ్బసమున్న విద్యార్థికి, లేదా బెలూను గట్టిగా ఊదిన పిల్లవానికి, అకస్మాత్తుగా రొమ్మునొప్పి పుట్టి మెడ ఉబ్బినచో దానిని వాపని తలచి పట్టు వేయరాదు, నలుగరాదు. కూర్చుండబెట్టి, ఆందోళన లేకుండ ఆసుపత్రికి చేర్చవలెను. పసిబిడ్డ పాలు త్రాగలేక, డొక్కలెగురుచు, మూలుగుచు, పెదవులు నీలివర్ణమైనచో తెల్లవారువరకు ఆగుట తగదు.

ఆసుపత్రికి చేరిన తరువాత తల్లిదండ్రులు చెప్పవలసినవి మూడు: బాధ ఎప్పుడు మొదలైనది, ఒక్కమారుగా వచ్చినదా మెల్లమెల్లగా పెరిగినదా, దానికి ముందు పొలమారినదా. ఎక్స్‌రేలోని నలుపు అన్నిటియందును ఒకే విధముగా కనబడవచ్చును గాని, ఈ మూడు జవాబులు అన్నిటియందును ఒకటి కావు.